స్నిగ్ధ తెచ్చిన కంకణాలు

ఇద్దరాడపిల్లలు కలిసి ఒక ఇల్లు కిరాయికి తీసుకుంటే వింతగా చూసే తీరిక పటాన్‌చెరు చుట్టుపక్కల ఎవరికుంది చెప్పండి? ఏ వీధికి పోయినా అదే కథ. ఒక గదిలో ఒడిశా పిల్లలు, పక్క గదిలో బీహారు కుర్రాళ్ళు, పైన నర్సులు, కింద వెల్డర్లు. షిఫ్టుకు పోయేవాళ్ళు పోతుంటారు, వచ్చినవాళ్ళు పడుకుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారని అడిగేవాళ్ళు లేరు. అడిగినా "దోస్తులం" అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాట చాటున అరుణ, కృష్ణప్రియ కొన్నేళ్ళుగా చల్లగా సంసారం చేసుకుంటున్నారు. సంసారమే మరి! దానికి ఇంకో మాట వెతకడం దేనికి?

ఇల్లు ఇందిరమ్మది. ఒకప్పుడు ఆమె భర్త జొన్న పండించిన చేను ఏదో మందుల కంపెనీ కిందికి పోయింది. వచ్చిన దానితో జిన్నారం పోయే రోడ్డు మీద మూడంతస్తులు లేపి, కింద కొడుకు, కోడలు, మనవరాలితో తానుంటూ, పైవి కిరాయికిచ్చింది. అన్నిటికన్నా పైన వీళ్ళిద్దరూ ఉంటారు. నోటి దురుసు మనిషే గానీ, అరుణకు జ్వరమొస్తే మెట్లెక్కి జావ తెచ్చిచ్చిన మనిషి కూడా ఆమే.

అరుణ దగ్గర్లోని కంపెనీ ల్యాబులో మాత్రలు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తుంది. సొంతూరు గుమ్మడిదల దిక్కు. తల్లీ తండ్రీ పోయాక అన్న లింగమే పెద్ద. ముక్కు మీద కోపం ఆయనకు. చెల్లెలికి సంబంధాలు తెచ్చి తెచ్చి విసిగిపోయి, ఇప్పుడు పండగలకు తప్ప ఫోను కూడా చేయడు. కృష్ణప్రియ వాళ్ళది కోస్తా. తండ్రి గవర్నమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని ఇటొచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆమె ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. ప్రియది "ఏంటి", అరుణది "ఏంది". పొద్దున లేస్తే ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకోవడంతోనే వాళ్ళ టీ అయ్యేది.

అంతా బాగుంది. ఆ బాగున్నదాన్ని చెడగొట్టింది పగవాళ్ళు కాదండీ. వాళ్ళిద్దరంటే ప్రాణం పెట్టే పదమూడేళ్ళ పిల్ల.

స్నిగ్ధ ఇందిరమ్మకు మనవరాలు. ఎనిమిదో తరగతి. బడి నుంచి వస్తూనే సంచీ ఒక మూల, బూట్లు ఒక మూల విసిరేసి పై అంతస్తుకు పరుగు తీస్తుంది. అక్కడ ప్రియ మేడం దగ్గర "మబ్బుసేన" పుస్తకాలుంటాయి. నెలకొకటి వచ్చే బొమ్మల కథ అది. ఒక ఊరి మీద విషపు మబ్బు కమ్ముకుంటూ ఉంటుంది. దాన్ని కిందికి దిగకుండా కాపు కాసే సేన కథ. పొద్దుగూకి గాలి ఇటు తిరిగితే చాలు, కంపెనీల వాసనకు గబగబా కిటికీలు మూసుకునే పిల్లలకు ఆ కథ ఎందుకు పట్టిందో వేరే చెప్పాలా? పెన్సిలు డబ్బాల మీద ఆ బొమ్మలే, టిఫిను డబ్బాల మీద ఆ బొమ్మలే. ఆటల్లో ఎవరు ఎవరవ్వాలో తేలక జుట్లు పట్టుకునేవాళ్ళు.

ఆ సేనలో అందరికన్నా గట్టివాళ్ళు నీల, తార. ఒకరు లేకుండా ఒకరు యుద్ధానికి పోరు. ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు అన్నం ముట్టరు. వానాకాలంలో వచ్చిన పుస్తకంలో సంగతి తేలిపోయింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటున్నారు. చివరి రెండు పేజీల్లో ఊరి నీళ్ళ ట్యాంకు మీదికెక్కి, పసుపు కొమ్ము కట్టిన దారాలు ఒకరి చేతికి ఒకరు కట్టుకున్నారు. కిందనున్న ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆ పేజీలు చూసి ప్రియ ఏడ్చింది. ముక్కు ఎగబీల్చుకుంటూ, నవ్వుకుంటూ ఏడ్చింది. అరుణకు మాత్రం గుండెలో రాయి పడింది.

"గీ పుస్తకం పిల్లకియ్యకు" అంది.

"ఎందుకివ్వకూడదు? ఊళ్ళో పిల్లలందరూ చదివేదే కదా."

"ఊళ్ళె అందరి ఇండ్ల మీద మనం లేము. గీ ఇంటి మీదనే ఉన్నం."

ప్రియ పుస్తకం అట్ట మీద చెయ్యేసి నిమురుతూ, "నా చిన్నప్పుడు ఇలాంటిది ఒక్కటి నా చేతిలో పడుంటే, నన్ను నేను అన్నేళ్ళు తిట్టుకునేదాన్ని కాదు అరుణా" అంది. పుస్తకం కింది ఇంటికి పోయింది.

రెండు రోజులకే స్నిగ్ధ మెట్ల మీద అరుణను పట్టుకుంది.

"అక్కా, మా క్లాసుల పెద్ద లొల్లి అయింది తెలుసా! పవన్‌గాడు నీల, తార బొమ్మ చూసి ఛీ అన్నడు. నేను, రవళి కలిసి వాని నెత్తి మీద ఒక్కటి ఇచ్చినం."

"గదేందే, కొట్టుడెందుకు?"

"మరి ఛీ అంటడా? ఊరిని కాపాడింది ఎవరు, వాడా? వాళ్ళకిష్టమున్నోళ్ళను వాళ్ళు చేసుకున్నరు, మనకేంది నడుమల?" అని చేతులు తిప్పింది ఆ పిల్ల, అచ్చం నానమ్మలా. "మొదట్ల అందరు పవన్ దిక్కే ఉండె అక్కా. నీల దెబ్బలు తిని పడిపోయినప్పుడు తార ఎత్తుకొచ్చిన పేజీ ఉంటది సూడు, గది చూపిచ్చినం. ఇప్పుడు సగం క్లాసు మా దిక్కే!"

అరుణకు ఆ పిల్లను అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ వయసులో తనకు తెలిసిందేముంది? పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్న ముక్కలు, చెడ్డ నవ్వులు. ఈ పిల్లకు ఒక బొమ్మల పుస్తకం రెండు రోజుల్లో అంత ధైర్యం నేర్పింది. ఎంత అదృష్టం! అంతలోనే ఒళ్ళు జలదరించింది. పేరు లేకపోబట్టే కదా తామిద్దరూ ఇన్నాళ్ళు నిమ్మళంగా బతికింది. ఆ పేరేదో ఇప్పుడు ఈ పిల్ల చేతికి దొరికింది.

నిజంగానే ఆ తర్వాత స్నిగ్ధ చూపు మారింది. పై ఇంటికొస్తే మబ్బుసేన చదవడం తక్కువ, వీళ్ళను చూడడం ఎక్కువ. ఒక్కటే మంచం. రెండు దిండ్లు. అరుణ షిఫ్టు నుంచి వచ్చేదాకా ప్రియ తినకుండా కూర్చోవడం. ప్రియ తల నొప్పంటే అరుణ నూనె వెచ్చచేయడం. అన్నీ ఇదివరకు చూసినవే, అప్పుడు కంటికానలేదు. ఒకనాడు ముసిముసిగా నవ్వుతూ "నువ్వు నీల లెక్క, మేడం తార లెక్క" అంది. అరుణ "పోవే పిచ్చిపోరీ" అని కొట్టిపారేసింది. పిల్ల కన్ను గీటి మెట్లు దిగిపోయింది. ఆ కన్ను గీటడం చూసైనా అరుణ మేల్కోవలసింది. పిల్ల మాటేలే అనుకుంది. అదే కొంప ముంచింది.

సద్దుల బతుకమ్మ నాడు వీధి ఆడవాళ్ళంతా ఖాళీ ప్లాటులో చేరారు. ఆటా పాటా అయ్యింది, బతుకమ్మలు నీళ్ళలోకి పోయాయి. పసుపు గౌరమ్మను అందరి చెంపలకూ పుస్తెలకూ పూస్తూ ఇందిరమ్మ తిరుగుతోంది. సద్దులు పంచుతున్నారు. ప్రియ పట్టుచీర కట్టింది. పులిహోర తింటూ, బతుకమ్మ పాటల్లోని మాటలు కొన్ని తప్పుగా పాడిందని అరుణ చేత చీవాట్లు తింటోంది. ఆ ఒక్క గంట అరుణకు ఏ బెంగా లేదు.

అప్పుడొచ్చింది స్నిగ్ధ. చేతిలో చిన్న పళ్ళెం. వెనక రవళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"అక్కా, గిది మేడం చేతికి కట్టు."

పళ్ళెంలో రెండు పసుపు దారాలు. పండగ పూట పిల్లలు ఏదో ఒక దారం కట్టడం మామూలే. అరుణ చూడకుండానే తీసుకుని ప్రియ మణికట్టుకు చుట్టి ముడేసింది. రెండో ముడి వేస్తుంటే వేలికి గట్టిగా ఏదో తగిలింది. పసుపు కొమ్ము. అది పూజ దారం కాదు. లగ్గం నాడు పిల్లకూ పిలగానికీ కట్టే కంకణం! చేతులు అక్కడే ఆగిపోయాయి.

రెండోదాన్ని స్నిగ్ధ ప్రియకిచ్చింది. ప్రియ దాన్ని చూసింది, అరుణ మొహం చూసింది. ఆమెకు తెలుసు. తెలిసే అరుణ చేతికి కట్టింది. ఇలాంటిది ఈ జన్మలో జరగదని ఎప్పుడో వదులుకున్న మనిషి, చేతిదాకా వస్తే ఎలా వద్దంటుంది?

"చప్పట్లు కొట్టుండ్రి!" అని అరిచింది స్నిగ్ధ.

ఆడవాళ్ళు మొదట నవ్వారు. "ఏందే పోరీ, లగ్గం చేస్తున్నవా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

"అవ్! లగ్గమే" అంది స్నిగ్ధ, మొహం చాటంత చేసుకుని. "నీల, తార చేసుకోలే? వీళ్ళు గూడ గట్లనే గద. ఒక్కటే మంచం మీద పండుకుంటరు, ఒకళ్ళు రాకుంటె ఒకళ్ళు తినరు. వీళ్ళకు ఎవ్వరు చేస్తలేరని నేను, రవళి చేసినం."

ఎంత ప్రేమగా అందో ఆ మాట! అందులో కల్మషం వెతికినా దొరకదు. కానీ చప్పట్లు ఒక్కరూ కొట్టలేదు. నవ్వులు ఆగిపోయాయి. చెంపలకు పసుపు పూసుకున్న ఆడవాళ్ళంతా వీళ్ళిద్దరి మణికట్ల వైపు చూస్తున్నారు. ఇందిరమ్మ వచ్చి మనవరాలి రెక్క పట్టుకుని, "నడువు ఇంటికి" అని మాత్రం అంది. పళ్ళెం అక్కడే కింద పడిపోయింది.

మర్నాడు అరుణ డ్యూటీకి పోయింది. ల్యాబులోకి పోయే ముందు చేంజ్ రూములో గాజులు, వాచీ, చేతి దారాలు అన్నీ తీసేయాలి. మందుల కంపెనీలో అది గట్టి రూలు. కంకణం విప్పి, వాచీ పక్కన లాకర్లో పెట్టింది. సాయంత్రం వాచీ తీసి పెట్టుకుంది. కంకణం మీద చెయ్యేసింది. దాన్ని అక్కడే వదిలేసి తాళం వేసింది.

గేటు దగ్గర ఇందిరమ్మ కూర్చుని ఉంది.

"లోపటికి రా బిడ్డా. నువ్వొక్కదానివే."

లోపల కొడుకు నర్సింహులు ఉన్నాడు. బల్ల మీద మబ్బుసేన పుస్తకం, నీళ్ళ ట్యాంకు పేజీ దగ్గర బోర్లించి. తలుపు పక్కన స్నిగ్ధ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ఆ చెంప మీద ఎర్రగా ఉన్నది పసుపూ కుంకుమా కాదు.

"గీ గలీజు పుస్తకం పిల్లకు ఎవరిచ్చిన్రు?" అని లేచాడు నర్సింహులు.

"జెర నువ్వు కూసో" అని కొడుకును కసిరి ఇందిరమ్మ అరుణ వైపు తిరిగింది. "సూడు బిడ్డా. నువ్వు మన దిక్కు పిల్లవు. మీ అన్న లింగం మావోనికి ఎరుకే. గా ఆంధ్ర పిల్ల ముచ్చట నేను అడగ, నిన్నే అడుగుతున్న. నిన్న పది మంది ముంగట ఈ పోరి అన్నది నిజమా, అబద్ధమా? నిజమైతె మీ అన్నకు ఫోన్ చేస్తడు వీడు. వచ్చి నిన్ను ఊరికి తీస్కపోతడు. గా పిల్ల ఇల్లు ఖాళీ చేస్తది. వాళ్ళ బడికి గూడ పోయి చెప్పొస్తడు."

"అబద్ధమైతె?" అంది అరుణ.

"అబద్ధమైతె నువ్వే గీ పోరికి చెప్పు. నేను చెప్తె ఇంటలేదు. తిట్టిన, వాళ్ళ నాయిన కొట్టిండు, ఇనలే. పుస్తకంల ఉన్నది గద, తప్పెట్లయితదని నన్నే అడుగుతది!"

స్నిగ్ధ తలెత్తి అరుణ వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. అక్క ఉంది, ఇప్పుడు అక్క చెబుతుంది అన్న ధీమా ఉంది.

అరుణ కళ్ళ ముందు పై ఇల్లు మెదిలింది. కిటికీ పక్కన ప్రియ రంగు సీసాలు, ఇద్దరూ కలిసి కొన్న కుక్కరు, ఆ ఒక్క మంచం. లింగన్న వచ్చి జుట్టు పట్టుకుని మెట్లు దించడం మెదిలింది. బడి ముందు తలొంచుకుని నిలబడ్డ ప్రియ మెదిలింది. "లేదు" అంటే సరిపోయేది. ఒక్క మాట. ఎవరైనా అదే అనేవాళ్ళు, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. కానీ భయపడ్డ మనిషి ఒక్క మాటతో ఆగదు కదా!

"ఛీ, గదేం ముచ్చట పెద్దమ్మా! దోస్తులం మేము. కిరాయి తక్కువైతదని కలిసుంటున్నం. మేడం గూడ గా పుస్తకం లోపల సూడకుండనే ఇచ్చింది."

"మరి నీల, తార?" అంది స్నిగ్ధ.

"అవి ఉత్త బొమ్మలు బిడ్డా. అమ్ముడు పోనీకి గీస్తరు. గసొంటోళ్ళు యాడ ఉండరు."

"ఉంటె?"

ఆ పిల్ల అంత తేలిగ్గా వదలదు. ముగ్గురూ అరుణ నోటి వైపే చూస్తున్నారు.

"ఉంటె గది రోగం" అంది అరుణ. "మంచోళ్ళకు రాదు గది."

ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడింది? ఎప్పుడో తన పదమూడో ఏట, బోరు దగ్గర బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్ళు ఎవరి గురించో అనుకుంటుంటే చెవిన పడ్డ మాట. ఆ రాత్రంతా దుప్పటి కప్పుకుని వణికింది తను. ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో మోసి మోసి, ఇవాళ ఇంకో పదమూడేళ్ళ పిల్ల చెవిలో పోసింది. థూ, ఏం బతుకు! అని అరుణ తనను తానే తిట్టుకుంది. తిట్టుకుని లాభమేముంది? మాట పోయింది.

స్నిగ్ధ మెల్లగా తల ఊపింది. నానమ్మ చెబితే వినలేదు, నాన్న కొడితే వినలేదు, అక్క చెబితే నమ్మింది.

"నాకెరుకనే బిడ్డా" అని ఇందిరమ్మ పెద్దగా ఊపిరి విడిచింది. "కూసో, చాయ్ పోస్త. వీధిల ఆడోళ్ళ నోర్లు నేను మూపిస్త, నువ్వు పరేషాన్ గాకు."

చాయ్ తాగక తప్పలేదు. తాగి పైకి పోతుంటే మలుపు దగ్గర మెట్ల మీద ప్రియ కూర్చుని ఉంది. అంతా వినపడినట్టే.

"రోగమా?" అంది.

"నోటికొచ్చింది ప్రియా. ఇల్లు పోతుండె. నీ నౌకరి పోతుండె. మా అన్న సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు. నన్నడిగినా లేదనే చెప్పేదాన్ని. దానికి నేనేమీ అనుకోను." ప్రియ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది అరుణకు. "నన్ను ఎన్నన్నా పడేదాన్నే. ఆ పిల్లకెందుకు చెప్పావే ఆ మాట? మనం చెప్తే నమ్ముతుంది కదా అది."

ఆ వారం దసరాకని ప్రియ వాళ్ళ నాన్న ఇంటికి పోయింది. ఎన్నడొస్తవంటే "చూద్దాం" అంది. బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే చూసింది అరుణ. కంకణం ఇంకా మణికట్టుకే ఉంది. అంట్లు తోమి, బట్టలు పిండి, దారం వెలిసిపోయింది గానీ విప్పలేదు.

పండగ అయిపోయింది. ఇల్లు నిలిచింది. నిజానికి ఇందిరమ్మ అంత ప్రేమగా ఎప్పుడూ లేదు. కూర చేస్తే గిన్నెలో పంపేది. కనపడిన ప్రతి ఆడమనిషికీ "మా అరుణ బంగారం" అని చెప్పేది. ఆ గిన్నెను అరుణ మూత తీయకుండానే పక్కన పెట్టేది. ప్రియ ఫోనులో "తిన్నాను, పడుకున్నాను, ఉన్నాను" అంతకు మించి మాట్లాడటం లేదు. ఒకనాడు షిఫ్టు దిగాక అరుణ లాకర్లోని కంకణాన్ని తీసి పర్సులో వేసుకుంది. కట్టుకునే ధైర్యం రాలేదు.

బడులు తెరిచాక ఒక సాయంత్రం స్నిగ్ధ పైకొచ్చింది. పరుగెత్తలేదు. లోపలికి కూడా రాలేదు. చంకలో మబ్బుసేన పుస్తకాల కట్ట.

"తీస్కో అక్కా. మేడంకు ఇయ్యి."

"నీ దగ్గరనే ఉంచుకో బిడ్డా."

"వద్దు. మంచిగ చేసిన, సూడు."

అరుణ ఒక పుస్తకం విప్పింది. నీల, తార పక్కపక్కన ఉన్న చోటల్లా నల్ల మార్కరుతో గీతలు. చేతులు పట్టుకున్న బొమ్మల్లో చేతులు కనపడవు. నీళ్ళ ట్యాంకు పేజీ లేనే లేదు. ఊరంతా చప్పట్లు కొడుతున్న పేజీ మిగిలింది, ఎవరి కోసం కొడుతున్నారో తెలియకుండా. ఏ పేజీ చూపించి సగం క్లాసును తన వైపు తిప్పుకుందో ఆ పేజీ మీద అన్నిటికన్నా ఎక్కువ సిరా ఉంది. మార్కరు అవతలికి ఇంకిపోయేలా రుద్దింది పిల్ల.

"రవళి చూసిందా గివి?" అంది అరుణ. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది.

"రవళితోని మాట్లాడతలేను." స్నిగ్ధ గోడ వైపు చూస్తూ చెప్పింది. "బస్సుల నా పక్కపొంటి కూసుంటది అక్కా, చెయ్యి పట్టుకుంటది. ఎన్కట నాకు మంచిగనిపిస్తుండె. ఇప్పుడు భయమైతుంది. గా రోగమొస్తదేమోనని ఇంకో సీట్ల కూసుంటున్న. అది ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన."

ఇల్లు కాపాడుకోవాలని తాను అన్న మాట కింది ఇంట్లోనే ఆగిపోలేదు. బస్సెక్కింది. బడికి పోయింది. ఏమీ తెలియని ఇంకో పిల్లను ఏడిపించింది.

"స్నిగ్ధా, నేను అబద్ధం చెప్పిన."

"ఏది అబద్ధం?"

అరుణ పర్సు తెరిచి కంకణం బయటికి తీసింది. పసుపు కొమ్ము ఎండి ముడుచుకుపోయి ఉంది. పిల్ల దాన్ని చూసింది. తాను కట్టించినదే, గుర్తు పట్టింది.

"నువ్వు ఆ రోజు అన్నదే నిజం బిడ్డా. నేను, మేడం, నీల తార లెక్కనే. మీ నాయినకు, మా అన్నకు భయపడి లేదని చెప్పిన."

చెప్పేసింది. పిల్ల మొహం వైపు చూసింది. ఎక్కడో ఒక మూల చిన్న ఆశ, ఆ పిల్ల మళ్ళీ మొహం చాటంత చేసుకుని నవ్వుతుందని. స్నిగ్ధ నవ్వలేదు. ఒక మెట్టు వెనక్కి దిగింది. కళ్ళ నిండా నీళ్ళు.

"అయితె నీకు గూడ ఉన్నదా అక్కా గా రోగం?" అంది. "దవాఖానకు పోతె తక్కువైతదా? నేను ఎవ్వరికి చెప్ప. నానమ్మకు గూడ చెప్ప. నువ్వు సచ్చిపోవు గద?"

ఆ పిల్ల ప్రేమ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. దాని నోట్లోకి ఆ పాడు మాటను మాత్రం తనే పెట్టింది.

కింద నుంచి ఇందిరమ్మ కేక వినపడింది. "స్నిగ్ధా! ఇంతసేపు ఏం చేస్తున్నవే పైన?" జవాబు లేకపోయేసరికి చెప్పుల చప్పుడు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆమె మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కుతుంది.

"పో అక్కా, లోపలికి పో, దాచిపెట్టు గది" అని స్నిగ్ధ కంగారుగా కంకణం వైపు చెయ్యి చూపింది.

అరుణ లోపలికి పోలేదు. గడప మీద కూర్చుంది. కంకణాన్ని ఎడమ చేతి మీద పెట్టుకుని, ఒంటి చేత్తో ముడి పడక, "జెర గీ కొస పట్టు బిడ్డా" అంది. పిల్ల భయం భయంగా వచ్చి పక్కన కూర్చుని కొస పట్టింది.

"గది రోగం కాదు" అంది అరుణ. "గా మాట నాది. నా తప్పు. ఇగ మొదటి సంది చెప్త, ఇను."

చెప్పుల చప్పుడు మలుపు దాకా వచ్చింది. అరుణ గొంతు తగ్గించకుండా చెప్పడం మొదలుపెట్టింది.